బరువెక్కిన స్టీరింగు

ఆ షెడ్డులో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు. ఆమెకంటే ఎంతో పెద్దవాడైన టైర్ల వ్యాపారి కూడా గుమ్మంలోంచి "అక్కా, సరుకొచ్చింది" అని కేకేసేవాడు. ఆమె భర్త వెల్డరు. అతను అందరికీ బావ. ఈ వరసలు రెండూ ఒక్క నోటినుంచి పుట్టినవే. ఆమె తమ్ముడు ఎలా పిలిస్తే షెడ్డంతా అలాగే పిలవడం అలవాటైపోయింది. ఇక ఆ తమ్ముడి సంగతికొస్తే, ముప్పై దాటి కణతల దగ్గర జుట్టు నెరుస్తున్నా, చిన్నప్పుడు అమ్మ పెట్టిన ముద్దుపేరు అతన్ని వదల్లేదు. రేసుల రోజున మైకు పట్టుకుని అరిచే ఆయన కూడా "అదిగో, మలుపు తిరుగుతున్నాడు చిన్నోడు!" అనేవాడు.

చిన్నోడు కారు నడుపుతుంటే చూడముచ్చటగా ఉండేది. హడావిడి ఉండదు, టైర్ల కీచుమోత ఉండదు. పక్కవాళ్ళు స్టీరింగుతో కుస్తీ పడుతుంటే అతను మాత్రం వెన్నలో కత్తి దించినట్టు మలుపులోకి దిగేవాడు. కాకపోతే నడిపినవన్నీ ఎవరో వాడి వదిలేసిన పాత రేసుకార్లే. "అద్దె ఇల్లు లాంటిది బావా, గోడకి మేకు కొట్టాలన్నా ముందు ఎవడు ఎక్కడ కొట్టాడో వెతుక్కోవాలి" అనేవాడు.

అక్క అంతకుముందు బస్సుల బాడీలు కట్టే ఫ్యాక్టరీలో డిజైనరు. "యాభైమంది కూర్చునేవి చాలా గీశాను. ఇప్పుడు ఒక్కడు కూర్చునేది ఒక్కటి గీస్తాను" అని ఒకనాడు భోజనాల దగ్గర అంది. తమ్ముడు చేతిలో ముద్ద అలాగే ఉంచుకుని ఆమెవైపు చూశాడు. అలా మొదలైంది.

ఒక్క మనిషి కూర్చునే కారు గీయాలంటే ముందు ఆ మనిషిని గీయాలి. చక్రాలు బయటికి, తల ఆకాశంలోకి, వీపు వెనకే ఇంజను. మధ్యలో మనిషికి మిగిలేది తొట్టెంత చోటు. అందులో మోచెయ్యి మడిచినప్పుడు ఎంత దూరం వస్తుంది, మోకాలు ఎక్కడ తగులుతుంది, పాదం ఎంత కోణంలో ఆనుతుంది, అన్నీ తెలియాలి. చిన్నోణ్ణి షెడ్డు నేలమీద చెక్కపలక పరిచి పడుకోబెట్టి అక్క కొలతలు తీస్తుంటే, క్యారేజీ తెచ్చిన అమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"ఆ కొలతలేవో దర్జీకిస్తే పెళ్ళి సూటయినా కుట్టేవాడు" అంది.

"ఇదీ అలాంటిదే అత్తయ్యా. ఒక్కసారి ఎక్కితే దిగడం కష్టం" అన్నాడు బావ.

సీటు పోసిన రోజు అందరికీ గుర్తుండిపోయింది. రెండు రసాయనాలు కలిపి పెద్ద ప్లాస్టిక్ సంచిలో పోసి, దానిమీద మనిషిని కూర్చోబెడితే, అది నురగలా పొంగి ఒంటిచుట్టూ సర్దుకుని గట్టిపడుతుంది. అంతసేపూ కదలకూడదు. నురగ వెచ్చగా వీపుకి పాకుతుంటే చిన్నోడికి చక్కిలిగింతలయ్యాయి.

"నవ్వకురా! నీ నవ్వు కూడా అచ్చు పడుతుంది" అని అక్క అరిచింది. అరిచి తనే నవ్వేసింది.

చలికాలమంతా పని సాగింది. బావ ఉక్కు గొట్టాలు కోసి, అంచులు చేపనోరులా గుండ్రంగా రాకి, ఒకదానికొకటి అతికాడు. అతుకు సరిగా కుదరకపోతే అక్క వేలితో తడిమి ఊరుకునేది. ఆ ఊరుకోవడం చాలు, బావ మళ్ళీ కోసేవాడు. మోటారుసైకిలు ఇంజను ఒకటి తెచ్చి వెనక కూర్చోబెట్టారు. ఎండలు మొదలయ్యేసరికి బూడిదరంగు ఫైబరు తొడుగుతో, ఇంకా రంగు వేయని ముక్కుతో కారు నాలుగు చక్రాలమీద నిలబడింది. మొదటిసారి ట్రాక్ మీదికి తోసినప్పుడు బావ కళ్ళు తుడుచుకుంటూ పొగ పడిందన్నాడు. ఇంజను ఇంకా స్టార్టు చేయనేలేదు.

చిన్నోడు కొన్ని చుట్లు తిరిగొచ్చి హెల్మెట్ తీశాడు. ముఖం వెలిగిపోతోంది.

"బాగుందక్కా. భలే బాగుంది. స్టీరింగే కొంచెం బరువు."

"కొంచెమంటే?"

"పొడుగు మలుపు చివరికొచ్చేసరికి చేతులు లాగేస్తున్నాయి."

ఆ బరువు అక్క కావాలని పెట్టిందే. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, అలాగే కారు ముందు చక్రాలకీ ఒక వాలు ఉంటుంది. వాలు ఎక్కువైతే స్టీరింగు బరువెక్కుతుంది కానీ చక్రం కింద నేల ఎలా ఉందో చేతికి తెలుస్తుంది. తగ్గిస్తే తేలికవుతుంది, నేల కబురు తగ్గిపోతుంది. నడిపేవాడు బరువంటున్నాడు కాబట్టి అక్క వాలు తగ్గించింది. "ఆఁ, ఇప్పుడు దారికొచ్చింది" అన్నాడు చిన్నోడు.

కొన్ని వారాలకే మళ్ళీ బరువన్నాడు. ఈసారి స్టీరింగు పళ్ళచట్రం మార్చి, ఎక్కువ తిప్పితే చక్రాలు తక్కువ తిరిగేలా, చేతికి తేలికయ్యేలా చేసింది. ఆ తర్వాత స్టీరింగు చక్రమే కాస్త పెద్దది వేసింది. అది మోకాళ్ళకి తగులుతుంటే ముందున్న గొట్టం కోసి పైకి జరిపారు. ఆ పని చేస్తున్నప్పుడే బావ ముసుగు పైకెత్తి అన్నాడు:

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బావమరిదీ నీ యవ్వారం."

"నువ్వెక్కి చూడు బావా, నీ పొట్ట పడితే!"

అందరూ నవ్వారు. బావ పొట్టమీద చెయ్యేసుకుని మరీ నవ్వాడు.

వానలు మొదలయ్యే ముందు బ్రేకు గట్టిగా ఉందన్నాడు. అక్క పెడల్ పొడుగు పెంచి, నూనె తోసే సిలిండరు చిన్నది వేసింది. తర్వాత గేరు పడటం లేదన్నాడు. లివరు పొడుగు చేసింది. తర్వాత హెల్మెట్ మెడని పక్కకి లాగేస్తోందన్నాడు. తల వెనక దిండు కట్టింది. ఒక్కో మార్పు జరిగినప్పుడల్లా కొన్నాళ్ళు బాగుండేది. కానీ గడియారం బాగుపడలేదు. అరువు తెచ్చుకున్న పాత కారులో అతను తిరిగిన వేగం ఈ కొత్తకారులో ఎన్నడూ రాలేదు.

పాత కారే అయివుంటే ఎవరికైనా వెంటనే అనుమానం వచ్చేది. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ ఎందుకు బరువైంది అని అడిగేవారు. ఇది కొత్తది. నిన్న అంటూ లేనిది. పైగా అక్క మొదటిసారి తెల్లకాగితం మీద మొదలుపెట్టి గీసింది. తప్పంతా తన గీతలోనే ఉందని ఆమె నమ్మింది. భోజనం మధ్యలో లేచి వెళ్ళి స్క్రీను ముందు కూర్చునేది. ఒక సాయంత్రం తమ్ముడి పక్కన నిలబడి, "నాకు చేతకాలేదేమోరా. బస్సులే గీసుకోవాల్సింది" అంది.

"ఛ, ఊరుకో అక్కా. కొత్త కోడలొచ్చిన ఇల్లు లాంటిది. కొన్నాళ్ళు గిన్నెలు చప్పుడవుతాయి, తర్వాత కలిసిపోతారు" అన్నాడతను. అంటూనే చేతిలోని గ్లాసు జారవిడిచాడు. కిందపడ్డ నీళ్ళు ఇద్దరూ చూశారు. బావ గుడ్డ తెచ్చి తుడిచాడు. ఎవరికీ ఏమీ తోచలేదు.

ట్రాక్ అద్దెకు తీసుకున్న ఒక పొద్దున చిన్నోడు ఫోన్ చేసి జ్వరమన్నాడు. కారు అప్పటికే లారీలోంచి దింపేశారు. ఆ రోజు సాయానికి వచ్చినవాళ్ళలో పిచ్చుక ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, బస్సు డ్రైవరు కూతురు, గో-కార్ట్ అనే చిన్న బండ్ల రేసుల్లో పేరు తెచ్చుకుంటోంది. సన్నగా, పొట్టిగా ఉంటుందని ఆ పేరు పెట్టింది చిన్నోడే. ఉత్తినే వెనక్కి పోవడమెందుకని అక్క ఆమెను ఎక్కమంది. వీపు వెనక దిళ్ళు కుక్కి, పెడళ్ళకు చెక్కముక్కలు కట్టారు.

"చేతులు నొప్పెడితే వెంటనే లోపలికొచ్చెయ్. బండి బరువుగా ఉంటుంది" అని అక్క హెచ్చరించింది.

పిచ్చుక కాసేపటికే తిరిగొచ్చింది. హెల్మెట్ అద్దం ఎత్తి అయోమయంగా చూసింది.

"అక్కా, ఇందులో ఏదో ఊడిపోయినట్టుంది."

"ఏం?"

"స్టీరింగు గాల్లో తిరుగుతున్నట్టుంది. అసలు బరువే లేదు. బ్రేకు చూస్తే దిండుమీద కాలేసినట్టు పోతోంది. నేల తెలియట్లేదక్కా నాకు. భయమేసి వచ్చేశా."

"పిచ్చుక కాదు, గద్దవి నువ్వు" అని బావ నవ్వబోయాడు. అక్క ముఖం చూసి ఆగిపోయాడు.

ఆమె పెట్టెలోంచి స్ప్రింగు త్రాసు తీసింది. లాగితే ఎంత బలం పడిందో అది చూపిస్తుంది. దాన్ని స్టీరింగు అంచుకు తగిలించి మెల్లగా లాగింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ఆ అంకె ఆమెకు కొత్తది కాదు. ప్రతి మార్పు తర్వాతా తనే కొలిచింది. తగ్గిందా లేదా అనే చూసుకుంది. ఇంత తగ్గినా ఆ చేతులకు ఇంకా ఎందుకు బరువుగా ఉందని ఒక్కనాడూ అడగలేదు. సన్నటి పిచ్చుక చేతులవైపు చూసింది. త్రాసు పెట్టెలో పెట్టి, "బండిని లారీ ఎక్కించు" అని బావతో చెప్పి, అమ్మ ఇంటికి బయల్దేరింది.

చిన్నోడు అమ్మతో ఉంటాడు. మధ్యాహ్నం వేళ వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఏదో తాగుతున్నాడు. జ్వరం తగ్గినట్టే ఉంది.

"ఏంటక్కా, ట్రాక్ మూసేశారా?"

"నీ చెయ్యి ఇటివ్వు."

"ఏం, జాతకం చెప్తావా?"

"నా వేళ్ళు గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాడు.

"గట్టిగా రా."

"పట్టుకున్నాగా!" అన్నాడు. అతని దవడలు బిగుసుకుని ఉన్నాయి. నుదుటిమీద చెమట పోసింది. అక్క వేళ్ళకు మాత్రం పసిపిల్లాడి పట్టు తెలిసింది.

ఆమె ఆ చేతిని తిప్పి చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. ఇన్ని నెలలూ ట్రాక్ మీద ఆ చేతికి తొడుగు ఉండేది. షెడ్డులో ఎప్పుడూ ఏ గుడ్డో, ఏ స్పానరో ఉండేది. తమ్ముడి చేతిని ఖాళీగా చూసి ఎంతకాలమైందో ఆమెకు గుర్తురాలేదు.

"చొక్కాలేసుకోవడం మానేశాడే" అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి, ఇటు తిరక్కుండానే. "గుండీలు పెట్టుకోలేక. అడిగితే ఉక్కపోత, బనీనే హాయి అంటాడు."

"బండి బరువు కదా, తిప్పీ తిప్పీ చేతులు అలిసిపోయాయనుకున్నా అక్కా" అన్నాడు చిన్నోడు. మెల్లగా, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "గ్లాసు జారినా అదే అనుకున్నా. బండి బాగుపడితే చేతులూ బాగుపడతాయనుకున్నా."

ఆసుపత్రిలో సూదులు గుచ్చి, తీగలు తగిలించి, నాలుగైదుసార్లు తిప్పించుకున్నాక, నరాల డాక్టరమ్మ చిన్నోణ్ణీ, అక్కనీ, బావనీ కూర్చోబెట్టి చెప్పింది. మెదడు నుంచి కండకి కబురు మోసే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతున్నాయి. చేతులతో మొదలైంది, అక్కడితో ఆగదు. తిరిగి బాగుచేసే మందు లేదు. కొంచెం ఆలస్యం చేసే మందు ఉంది.

"ఇది ఎప్పట్నుంచి ఉండొచ్చు మేడమ్?" అని అడిగాడు చిన్నోడు.

"ఏడాది పైమాటే అనుకుంటాను."

అతను అక్కవైపు తిరిగాడు. అతని ముఖంలో ఆ క్షణాన కనిపించింది భయం కాదు. "విన్నావా? బండిలో తప్పేం లేదు. మొదట్నుంచీ మంచి బండేనక్కా నీది!"

అక్క లేచి బయటికి వెళ్ళిపోయింది. కాసేపటికి బావ వెతుక్కుంటూ వస్తే, వరండా చివర గోడకు నుదురానించి నిలబడి ఉంది.

"చెడ్డదైతే బాగుండేది" అంది. "నా బండే చెడ్డదైతే ఎంత బాగుండేది."

బావ గోడకు జారగిలబడి నేలమీద కూర్చుండిపోయాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాను" అన్నాడు. "ఈ నోటితోనే అన్నాను."

తర్వాత అక్క ఒక్కతే మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, ముందే తీసుకొచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగింది. "మందు ముందే మొదలయ్యేది. అంతే" అందావిడ. ఆ 'అంతే' తనను ఓదార్చడానికి అన్నదో, కాదో అక్కకు తెలియలేదు. ఇంకోసారి అడగడానికి ధైర్యం చాల్లేదు.

పది రోజులు షెడ్డు తలుపు తీయలేదు. తీసిన రోజున అందరికంటే ముందు చిన్నోడే వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కుమీద చెయ్యివేసి నిలబడ్డాడు.

"సీటు పిచ్చుకకిద్దాం. ఆ పిల్లకి చెయ్యి ఉంది" అన్నాడు. "కాకపోతే నాదొక్క కోరిక. ఇప్పుడు ఈ బండి నాకు తప్ప ఎవరికీ పనికిరాకుండా ఉంది. మీరు అన్నీ విప్పి మొదటికి తెచ్చేలోపు ఒక్కసారి ఎక్కుతా. మెల్లగానే పోతా. రెండు చుట్లు."

"వద్దు" అంది అక్క.

"ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడే..."

"వద్దన్నాగా."

బావ స్పానరు కింద పెట్టాడు. "పోనీవే. రెండు చుట్లేగా. నేను పక్కనే ఉంటా."

"ఒక్క సీటు బండిలో పక్కన ఎక్కడుంటావ్ నువ్వు?" అని అక్క గొంతు పెంచింది. "కాలు మాట వినకపోతే? బ్రేకుమీదికి రావాల్సిన కాలు యాక్సిలరేటరు మీదే ఉండిపోతే?"

"నా కాలు సంగతి నాకు తెలియదా అక్కా?"

"నీ చేతుల సంగతి నీకు తెలిసిందా?"

చిన్నోడు కారు ముక్కుమీంచి చెయ్యి తీశాడు. "నిజమే" అన్నాడు. తలుపు దగ్గర గడపలాంటి ఇనుపబద్ద ఉంటుంది. అది దాటడానికి కాలు మామూలుకంటే పైకెత్తి, జాగ్రత్తగా దాటి, వెళ్ళిపోయాడు. అక్క ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి నోరు తెరిచింది కానీ, వెనక్కి తీసుకుంటే అతన్ని ఎక్కించాల్సి వస్తుంది.

ఆ తర్వాత చాలాకాలం అతను షెడ్డువైపు రాలేదు. అక్క రోజూ ఇంటికెళ్ళేది. మందులు, వ్యాయామాలు, డాక్టరమ్మ చెప్పిన మెత్తటి తిండి, అన్నీ చూసేది. అతను అడిగినదానికి జవాబు చెప్పేవాడు, నవ్వే చోట నవ్వేవాడు. కారు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. ఆమె ఎత్తితే కిటికీవైపు చూసేవాడు.

కారును మొదటికి తేవడం కట్టినంత పని అయింది. పొడుగు లివరు తీసేశారు. పెద్ద స్టీరింగు తీసేశారు. పైకి జరిపిన గొట్టాన్ని బావ మళ్ళీ కోసి, మళ్ళీ కిందికి అతికాడు. తల వెనక దిండు విప్పుతున్నప్పుడు అక్క పని ఆపి బయటికెళ్ళి నిలబడింది. ఆ దిండు కట్టిన రోజున అతను మెడ నిలబెట్టలేకపోతున్నాడు. తనేమో గాలి ఒత్తిడి లెక్కలు వేసుకుంటూ కూర్చుంది.

పిచ్చుక మొదట ఒప్పుకోలేదు. "అన్న ఉండగా ఆ సీట్లో నేనెలా కూర్చుంటా?" అని ఏడ్చింది. సీటు పోస్తున్నప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని రాయిలా కూర్చుంది.

మొదటికి తెచ్చిన కారు ఆమెకు నచ్చింది. నేల తెలుస్తోందంది. వేగమూ వచ్చింది. కానీ పొడుగు మలుపులో మాత్రం వెనకభాగం జారిపోయేది. అక్క ఎన్ని సర్దుబాట్లు చేసినా ఒకటి బాగుపడితే ఇంకోటి చెడేది. ఎవరికీ చెప్పకుండా పిచ్చుక ఒకరోజు చిన్నోడి ఇంటికెళ్ళి, అతని ఎదురుగా నేలమీద కూర్చుని, "అన్నా, ఆ మలుపు నాకు రావట్లేదు. నువ్వు రావాలి" అంది.

వచ్చాడు. చేతికర్రతో, అమ్మ భుజం పట్టుకుని ట్రాక్ దగ్గరికి వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మలుపు కనిపించేచోట కూర్చున్నాడు. అక్కతో నేరుగా మాట్లాడలేదు. పిచ్చుక తిరిగొచ్చాక ఆమెనే పిలిచాడు.

"నువ్వు బ్రేకు ఒక్కసారిగా వదిలేస్తున్నావ్. మెల్లగా వదులు, తలుపు చప్పుడవకుండా వేసినట్టు. ఇంకా, వెనక సస్పెన్షను కొంచెం మెత్తబరచమని మీ డిజైనరుకి చెప్పు."

అక్క పక్కనే, రెండడుగుల దూరంలో ఉంది. "మెత్తబరిస్తే ముందు భాగం తిరగదని మీ గురువుగారికి చెప్పు" అంది.

"తిరుగుతుంది, ముందు చక్రాలకి ఇప్పుడు వాలు ఉంది కదా అని చెప్పు."

పిచ్చుక ఇటూ అటూ చూసి, "మీరిద్దరూ విన్నట్టేనా, నేను మళ్ళీ చెప్పాలా?" అని అడిగింది. బావ నవ్వు ఆపుకోలేక కారు కిందికి దూరాడు.

మెత్తబరిచారు. పిచ్చుక మళ్ళీ వెళ్ళింది. పొడుగు మలుపులోకి దిగిన కారు ఈసారి గీత గీసినట్టు తిరిగి, మలుపు చివర నిటారుగా బయటికొచ్చింది. "చూశావా అక్కా! చూశావా!" అని చిన్నోడు అరిచాడు. కర్ర కిందపడిపోయింది. అలక గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. అక్క కర్ర తీసి అతని చేతికివ్వకుండా తనే పట్టుకుని, కుర్చీ పక్కన నిలబడింది. సాయంత్రందాకా అక్కడే ఉన్నారు.

అక్కణ్ణుంచి ప్రతి టెస్టుకీ వచ్చాడు. మొదట కర్ర, తర్వాత చక్రాల కుర్చీ. బావ ఆ కుర్చీ ముందు చక్రాలు విప్పి, బేరింగులు మార్చి, ఇరుసు సరిచేసి, "ఇప్పుడు తేలిగ్గా తిరుగుతుంది చూడు" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. "తిరుగుతోంది బావా, బాగుంది" అన్నాడు చిన్నోడు.

మాట ముద్దగా రావడం మొదలైంది. హెల్మెట్లో ఉండే రేడియోలో చెప్తే అర్థమయ్యేది కాదు. పిచ్చుక ప్రతిసారీ కారు దిగి, హెల్మెట్ తీసి, అతని మోకాళ్ళ దగ్గర కూర్చుని, పెదాలు చూస్తూ వినేది. కొన్నాళ్ళకు అమ్మకంటే కూడా ఆ పిల్లకే అతని మాట బాగా తెలిసేది. "అన్న ఏమంటున్నాడు?" అని అక్కే ఆమెను అడగాల్సి వచ్చేది.

ఎండలు ముదిరినప్పుడు కారు మొదటి అసలు రేసు పరిగెత్తింది. పిచ్చుక రెండో స్థానంలో వచ్చింది. జనం ఈలలు వేశారు. ఎవరు చెప్పారో ఏమో, మైకు పట్టుకున్నాయన నడిపినవాళ్ళ పేరుతోపాటు గీసినవాళ్ళ పేరు, కట్టినవాళ్ళ పేరు కూడా చదివాడు. చిన్నోడు చప్పట్లు కొట్టాలనుకున్నాడు. చేతులు ఒళ్ళోంచి లేవలేదు. అమ్మ అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కలిపి కొట్టింది.

వానలు వెనకపట్టాక ఊపిరి కష్టమైంది. ముక్కుకి గొట్టం, మంచం పక్కన యంత్రం వచ్చాయి. ఒక మధ్యాహ్నం అక్క అతని కాళ్ళు పడుతుంటే, ఉన్న కాస్త మాటతో, ఒక్కో అక్షరం పేర్చుకుంటూ అడిగాడు.

"ఆ రోజు... ఎక్కనిచ్చుంటే... ఏమయ్యేదంటావ్?"

నిష్ఠూరం కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

"తెలియదురా" అంది.

అతను కళ్ళతోనే సరేనన్నాడు. ఆమె కాళ్ళు పట్టడం ఆపలేదు.

చలి మొదలైన రోజుల్లో, పొద్దెక్కాక, అమ్మ దుప్పటి మారుస్తుంటే అతను వెళ్ళిపోయాడు. అమ్మ ముందు గుర్తుపట్టలేదు. దుప్పటి నాలుగువైపులా సర్ది, మడత లాగి, "ఇప్పుడు హాయిగా ఉందా?" అని అడిగింది.

కార్యక్రమాలన్నీ అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళారు. ఇల్లు చప్పుడు లేకుండా అయిపోయాక అమ్మ ఉన్నట్టుండి ఒక్కమాట అడిగింది: "వాణ్ణి ఎందుకు ఎక్కనివ్వలేదే?" అక్క చెప్పింది. బ్రేకు గురించి, కాలు గురించి, అన్నీ చెప్పింది. అమ్మ శ్రద్ధగా విని, "అవును, పడిపోయేవాడేమో" అంది. లేస్తూ, "పడిపోతే పడిపోయేవాడు" అంది. ఆ తర్వాత మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

తర్వాతి వారం అక్క, బావ షెడ్డుకి వెళ్ళారు. పిచ్చుక అంతకుముందు రేసులో కారు ముక్కు పగలగొట్టుకుంది. అది ఇంకా అలాగే పడి ఉంది. బావ తాళం తీశాడు కానీ షట్టరు ఎత్తకుండా నిలబడ్డాడు.

"నేనైతే ఎక్కించేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు."

"నువ్వు చేసింది తప్పని కాదు."

"అదీ తెలుసు." అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడొచ్చి మళ్ళీ అడిగినా వద్దనే అంటాను. అదే తలుచుకుని ఏడుపొస్తోంది."

ఇద్దరూ వంగి షట్టరు చెరోవైపు పట్టుకుని ఎత్తారు. వెనక సైకిలు చప్పుడైంది. పిచ్చుక వచ్చింది. సైకిలు గోడకానించి, పగిలిన ముక్కు దగ్గరికెళ్ళి విరిగిన ఫైబరు ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. అక్క ఆమె పక్కన కూర్చుని, పగులు ఎక్కడిదాకా పాకిందో వేలితో తడిమి చూసింది.

"ఇంతవరకే కొయ్యాలి" అంది. బావ రంపం తేవడానికి లోపలికి వెళ్ళాడు.